విమానానికి మైలేజి కట్టవచ్చునా?



బసంత్‌నగర్‌లో విమానాశ్రయం రావాలా వద్దా అన్న చర్చ మా బొగ్గుగనుల ప్రాంతంలో లేచినప్పుడల్లా, దానితోపాటే ఒక లెక్క కూడా లేస్తుంది. "నలుగురు కూర్చునే చిన్న విమానం లీటరు పెట్రోలుకు 7 కిలోమీటర్లు కూడా పోదట. నా పాత మారుతి 18 పోతుంది. ఈ విమానాలు మనకెందుకు?" అని ఒకరంటారు. "అంబాసిడరు మాత్రం 10కి మించి పోయిందా? దానికీ దీనికీ 3 కిలోమీటర్లే కదా తేడా. ఆ మాత్రం తేడాకు గంటకు 200 కిలోమీటర్ల వేగం దొరుకుతుంటే కాదనడమెందుకు?" అని మరొకరంటారు. ఇద్దరి అంకెలూ అబద్ధం కావు. అయితే ఆ అంకెల నుండి ఇద్దరూ తీస్తున్న తీర్పులే చెల్లవని నా అభిప్రాయం. మొదటివారు విమానపు ఇంజనును అకారణంగా నిందిస్తున్నారు. రెండవవారు ఆ నింద తప్పినంత మాత్రాన విమానాశ్రయం అవసరం రుజువైనదనుకుంటున్నారు.

ముందుగా ఈ కొలత పేరు చూడండి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, ఆ తరువాత కొన్నేళ్లకు మన రోడ్ల మీది మైలురాళ్లన్నీ కిలోమీటరు రాళ్లయినాయి. అయినా "మైలేజి ఎంత?" అన్న ప్రశ్న మాత్రం మన నోటిని వదలలేదు. మాట పాతదైనందుకు నాకు అభ్యంతరం లేదు. భాషలో ఇటువంటివి కోకొల్లలు. కాని ఈ మాట మనకు తెలియకుండానే ఒక సంగతిని నిశ్చయం చేసి పెట్టింది. ఇంజను అనే ప్రతి వస్తువునూ అది ఎంత దూరం పోయిందో చూసి కొలవాలని.

అట్లా కొలవని ఇంజనులు మా కళ్ల ముందే ఎన్నో ఉన్నవి. మందమర్రి, రామగుండం ప్రాంతాల ఓపెన్‌కాస్ట్ గనులలో 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు తిరుగుతుంటాయి. వాటి డీజిలు లెక్క లీటరుకు ఎన్ని కిలోమీటర్లని ఎవరూ రాయరు. గంటకు ఎన్ని లీటర్లని రాస్తారు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటుంది, ఆ గంటలను బట్టే నూనె మార్పు, మరమ్మతు. పొలం దున్నే ట్రాక్టరు కిరాయి కూడా గంటకే కదా! బావి మీది ఆయిలింజను ఉన్నచోటనే ఉండి నీళ్లు తోడుతుంది. దాని మైలేజి సున్న. అంతమాత్రాన అది పనికిమాలిన ఇంజను అనగలమా?

విమానపు ఇంజను కారుకు తోబుట్టువు కాదు; ఈ డంపరుకు, ట్రాక్టరుకు, ఆయిలింజనుకు దగ్గరి చుట్టం. విమానాలు నడిపేవారు కూడా గంటకు ఎన్ని లీటర్లనే లెక్కిస్తారు. ఇంజను వయస్సును గంటలలోనే చెబుతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా తయారైన చిన్న విమానం సెస్నా 172. 1956లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటివరకు 44 వేలకు పైగా తయారైనవి. మన దేశంలో విమానం నడపడం నేర్పే చోట్ల కూడా ఇది బాగా పరిచితమైనదే. నలుగురు కూర్చోవచ్చు. 1968 నుండి చాలాకాలం దీనిలో లైకమింగ్ ఓ-320 అనే ఇంజను వాడారు. 4 సిలిండర్లు, 5,200 సీసీ, శక్తి 150 లేక 160 అశ్వశక్తులు. మన మారుతి 800 ఇంజను 796 సీసీ, సుమారు 37 అశ్వశక్తులు. అంటే లీటరు పరిమాణానికి మారుతి 46 అశ్వశక్తులు ఇస్తుంటే, విమానపు ఇంజను 30 మాత్రమే ఇస్తున్నది. ఇది చూసి "అమెరికావాడి ఇంజను ఇంత మొద్దా!" అనుకునేవారున్నారు.

అది మొద్దుతనం కాదు. ఆ ఇంజనుకు ప్రొపెల్లరు నేరుగా బిగించి ఉంటుంది, నడుమ గేర్లు లేవు. ప్రొపెల్లరు అడ్డకొలత సుమారు 1.9 మీటర్లు. నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే దాని రెక్క కొస సెకనుకు దాదాపు 270 మీటర్ల వేగం అందుకుంటుంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. ఆ దరిదాపులకు పోతే రెక్క గాలిని వెనుకకు నెట్టడం తగ్గి, రొద పెరుగుతుంది. అందువల్ల ఇంజను నిదానంగా తిరగక తప్పదు. నిదానంగా తిరుగుతూ శక్తి ఇవ్వాలంటే సిలిండర్లు పెద్దవి కాక తప్పదు. నీటితో చల్లార్చే ఏర్పాటు లేదు. రేడియేటరు బరువు ఎందుకని గాలికే వదిలారు. ప్రతి సిలిండరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు, వాటికి రెండు మాగ్నెటోలు. బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజను ఆగదు. రోడ్డు మీద ఇంజను ఆగితే పక్కన ఆపుకుంటాము. పైన ఆపుకోవడానికి పక్క అనేది లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఆ పాతకాలపు కట్టడి సగం అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. ఆ ఇంజను ఒక అశ్వశక్తిని ఒక గంటపాటు ఇవ్వడానికి సుమారు 200 గ్రాముల పెట్రోలు తాగుతుంది. ప్రయాణంలో దాని పూర్తి శక్తిలో నూటికి 75 వంతులు, అంటే 120 అశ్వశక్తులు వాడతారనుకుందాం. 120ని 200తో హెచ్చిస్తే 24 కిలోలు. లీటరు పెట్రోలు బరువు 720 గ్రాములు గనుక గంటకు 33 లీటర్లు. వేగం గంటకు 210 కిలోమీటర్లు అనుకుంటే లీటరుకు 6 కిలోమీటర్ల పైచిలుకు. చర్చలలో వినబడే అంకె ఇదే.

మరి కారు? గంటకు 60, 65 కిలోమీటర్ల వేగంతో చదునైన రోడ్డు మీద పోయే మారుతికి నిజానికి 6, 7 అశ్వశక్తులు చాలు. 37 ఇవ్వగల ఇంజనును 7తో నడిపించాలంటే గొంతు నొక్కి ఉంచాలి. యాక్సిలరేటరు కొద్దిగానే తొక్కినప్పుడు గాలి పోయే దారి దాదాపు మూసి ఉంటుంది. సన్నని గొట్టంతో చిక్కని మజ్జిగ పీల్చినట్లు, ఇంజను తన శక్తిలో కొంత ఆ పీల్చడానికే ఖర్చు పెడుతుంది. దాని లోపలి రాపిడి కూడా మొత్తంలో పెద్ద వాటా తీసుకుంటుంది. ఆ స్థితిలో అశ్వశక్తి గంటకు 300 గ్రాములు దాటుతుంది. కావలసిన పనికి కాలుతున్న పెట్రోలును బట్టి చూస్తే, ప్రయాణంలో ఉన్న విమానపు ఇంజను కారు ఇంజను కంటే పొదుపరి. "పాత ఇంజను, అందుకే తాగుతుంది" అనేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అట్లయితే ఆ పెట్రోలంతా ఎక్కడికి పోతున్నది?

ఆగిపోయిన కారును ఇద్దరు మనుషులు నెట్టగలరు. బరువు 900 కిలోలైనా చక్రాల మీద కదిలించడానికి 10, 12 కిలోల బలం చాలు. 65 కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డుకునేది మరో 12 కిలోలు వేసుకోండి. మొత్తం 25 కిలోల లోపే. ఇప్పుడు విమానం. సెస్నా 172 ఇంజను ఆగిపోతే 1 కిలోమీటరు ఎత్తు నుండి సుమారు 9 కిలోమీటర్ల దూరం జారుతూ పోగలదు. ఈ 9 అన్న అంకెలోనే గుట్టంతా ఉన్నది. దాని అర్థం, ఎంత పొదుపుగా ఎగిరినా ఆ విమానాన్ని ముందుకు లాగడానికి దాని బరువులో తొమ్మిదో వంతు బలం కావాలని. వెయ్యి కిలోల విమానానికి 110 కిలోలు. 210 కిలోమీటర్ల వేగంలో 125 వరకు పోతుంది. కారుకు కావలసిన దానికి ఇది 5 రెట్లు. కాని మైలేజిలో తేడా 3 రెట్లే! 18కి 6. నడుమ కలిసివచ్చినదంతా ఆ "మొద్దు" ఇంజను పుణ్యమే.

ఇంకొక చిత్రం. గాలి అడ్డగింపు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే మారుతిని 200 కిలోమీటర్ల వేగంతో నడపగలిగితే (నడపలేము, మాటవరుసకు) గాలి ఒక్కటే 110 కిలోలకు పైగా అడ్డుకుంటుంది. చక్రాలవి కలుపుకుంటే విమానంతో సమానం. ఆ వేగంలో దాని మైలేజి కూడా విమానపు మైలేజి పక్కనే కూర్చుంటుంది. అంటే పెట్రోలును మింగుతున్నది ఎగరడం కంటే ఎక్కువగా వేగం. అయితే కారుకు ఒక భాగ్యం ఉన్నది, నిదానించవచ్చు. 40 కిలోమీటర్ల వేగంతో పోతే తొందరేమీ లేదనుకుంటాము. విమానానికి ఆ స్వేచ్ఛ లేదు. సెస్నా 90 కిలోమీటర్ల వేగానికి దిగితే రెక్కలు మోయలేవు. అంతవరకు రాకముందే, వేగం తగ్గినకొద్దీ ముక్కు పైకెత్తి రెక్కలతో గాలిని ఎక్కువగా కిందికి నెట్టవలసి వచ్చి, అడ్డగింపు మళ్లీ పెరుగుతుంది. మెల్లగా పోయినా ఆదా లేదు, వేగంగా పోయినా ఆదా లేదు. అది మోసుకుపోతున్న శాపం ఇంజనుది కాదు, రెక్కలది.

ఇక్కడ ఒక మాట. సంస్కృతంలో విమాన శబ్దంలో ఉన్నది "మా" ధాతువు; కొలుచుట అని అర్థం. "వి" ఉపసర్గతో కలిసి, కొలుచుకుంటూ దాటిపోయేది అనే భావం వచ్చింది. ఇంధన శబ్దానికి మండించునది అని అర్థం, మొదట కట్టెలకే ఆ పేరు. కొలిచేది ఒకటి, మండేది ఒకటి. రెండింటినీ కలిపి లెక్క కట్టడం మన చేతిలో పని. ఈ సందర్భంలో "వైమానిక శాస్త్రం" పేరు తెచ్చి, మన పూర్వులు పాదరసంతోనే విమానాలు నడిపారని చెప్పేవారు తప్పక బయలుదేరుతారు. ఆ గ్రంథాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు పరిశీలించి, అది 20వ శతాబ్ది ఆరంభ దశకాలలో పుట్టినదని, అందులోని విమానాలు ఎగరలేవని 1974లోనే తేల్చారు. సంస్కృతం మీద గౌరవం ఉన్నవారు ఆ గ్రంథానికి దూరంగా ఉండడమే ఆ భాషకు చేసే మేలు.

పుష్పకం సంగతి వేరు. ఎందరెక్కినా మరొకరికి చోటుంటుందని చిన్నప్పటి నుండి వింటున్నాము. కవి ఊహే కావచ్చు, కాని వాహనం పొదుపును ఎట్లా చూడాలో ఆ ఊహ ఎరిగి ఉన్నది. లెక్కలో ముందుగా అడగవలసినది ఎందరు ఎక్కారని. సెస్నాలో నలుగురు పెద్దమనుషులు ఎక్కితే పెట్రోలు ట్యాంకులు పూర్తిగా నింపే వీలుండదు. నింపితే బరువు పరిమితి దాటుతుంది. అది పుష్పకానికి పూర్తిగా విలోమం.

లీటరు ఇంధనానికి ఎన్ని సీట్లను ఒక్కొక్క కిలోమీటరు మోయగలదని చూద్దాం. సెస్నా నాలుగు సీట్లను 6 కిలోమీటర్లు మోస్తుంది, 24. అందులో ఒకటి పైలటుది. మారుతిలో నలుగురు కూర్చుంటే 72. అంబాసిడరులో ఐదుగురితో 50, మనవాళ్లు ఐదుగురితో ఆగిన సందర్భం నాకు తెలియదనుకోండి. 60 పోయే మోటారు సైకిలు మీద ఇద్దరైతే 120. ఆర్టీసీ బస్సు లీటరు డీజిలుకు 5 కిలోమీటర్లే పోతుంది. అంకె చూస్తే సెస్నా కంటే అధ్వాన్నం. కాని అందులో 50 మంది ఉంటారు, 250. విమానాన్ని తిట్టడానికి మైలేజి అంకె వాడేవారు అదే అంకెతో బస్సును కూడా తిట్టవలసి వస్తుంది. ఎవరూ తిట్టరు, ఎందుకంటే బస్సు విషయంలో తలలు లెక్కించాలని అందరికీ తెలుసు.

ఈ లెక్కకు ఒక ప్రమాదం ఉన్నదని కూడా చెప్పాలి. తలలే లెక్కైతే, ముగ్గురెక్కవలసిన ఆటోలో పన్నెండుగురిని కుక్కి, డ్రైవరుకు అటొకరు ఇటొకరు వేలాడే షేరు ఆటోను మించిన పొదుపరి లేదు. అసలు పుష్పకం అదే. షిఫ్టు వదిలిన వేళకు గని గేటు దగ్గర నిలుచుంటే ఎవరికైనా దర్శనమవుతుంది. పొదుపు ఒక్కటే వాహనానికి యోగ్యత కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు బసంత్‌నగర్‌కు వద్దాం. దూరప్రాంతాల మిత్రుల కోసం: పెద్దపల్లి, రామగుండం నడుమ రాజీవ్ రహదారి పక్కనున్న ఊరు. అక్కడి కేశోరాం సిమెంటు కర్మాగారం పుణ్యమా అని ఒక రన్‌వే ఏర్పడింది. 1980ల్లో వాయుదూత్ వారి చిన్న విమానాలు హైదరాబాదు నుండి అక్కడికి వచ్చేవి. వాయుదూత్ 1981లో పుట్టింది. చిన్న ఊళ్లకు విమానాలు నడపాలన్నది దాని ఉద్దేశం. నష్టాలు పెరిగి 1993లో దానిని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపివేశారు. దాని విమానాలలో ముఖ్యమైనది డోర్నియర్ 228. కాన్పూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారు చేసేవారు. 19 సీట్లు, రెండు టర్బైను ఇంజనులు, గంటకు 370 కిలోమీటర్ల వేగం. తాగేది పెట్రోలు కాదు, విమానాల కిరసనాయిలు. గంటకు 300 లీటర్లకు అటూ ఇటూ. 19 సీట్లూ నిండితే మన లెక్కలో 23. అంటే సెస్నా దగ్గరే ఆగింది. సగం సీట్లు ఖాళీగా పోతే 12. రాయితీ మీద నడిచే చిన్న విమానం బతుకు ఈ ఖాళీ సీట్లలో తెల్లవారిపోతుంది.

తరువాత ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న దాని తొలి విమానాలు లేచినప్పుడు సిమ్లా, ఢిల్లీ మార్గంతోపాటు కడప నుండి, నాందేడు నుండి హైదరాబాదుకు కూడా విమానాలు నడిచినవి. అవి 70 సీట్ల ఏటీఆర్‌లు. నిండితే లీటరుకు 40 సీట్ల కిలోమీటర్ల వరకు ఇస్తాయి, డోర్నియర్ కంటే ఎంతో నయం. కాని నింపాలి కదా. వాటిని నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. తెలంగాణలో ఆరు చోట్ల విమానాశ్రయాలన్న ప్రతిపాదనలో వరంగల్ మామునూరుతోపాటు బసంత్‌నగర్ పేరూ ఉండింది. మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి దొరికింది. మా వైపు బసంత్‌నగర్‌కు బదులు అంతర్గాం అన్న మాట కూడా వినబడుతూ వచ్చింది. స్థలం ఏదైనా లెక్క పెద్దగా మారదు.

బేగంపేట నుండి బసంత్‌నగర్‌కు ఆకాశంలో గీత గీస్తే సుమారు 170 కిలోమీటర్లు. రోడ్డున 220. ఈ 50 కిలోమీటర్ల ఆదా విమానానికి నిజంగా రావలసిన మార్కులే, ఇవ్వవలసిందే. సెస్నాకు ఆ 170 కిలోమీటర్లకు 27 లీటర్లు, నేల మీద తిరగడానికీ పైకెక్కడానికీ మరో 5 లీటర్లు కలిపి 32. మారుతికి 12 లీటర్లు. బస్సుకు 44 లీటర్లు, కాని యాభైమందికి. తలకు లీటరు కూడా పడదు. అయితే 2008 మార్చి నుండి ప్రయాణికుల విమానాలు బేగంపేటను వదిలి శంషాబాదుకు పోయినవి. శంషాబాదు నగరానికి అవతలి వైపున ఉన్నది. గీత 190 అయింది. దిగినవాడు మళ్లీ గంటసేపు నగరంలోకి వెనక్కు రావాలి.

మా ఊరు కాసిపేట నుండే చూడండి. (కాజీపేట కాదు, ఉత్తరాల కాలం నుండి ఈ సవరణ మాకు తప్పడం లేదు.) ఇక్కడి నుండి గోదావరి దాటి బసంత్‌నగర్‌కు చేరడానికి గంట పైన. విమానాశ్రయంలో ముందుగా పోయి కూర్చోవడానికి ఒక గంట. ఎగిరేది ముప్పావు గంట. శంషాబాదు నుండి నగరంలోకి ఒక గంట. మొత్తం నాలుగు గంటలు. బెల్లంపల్లిలో భాగ్యనగర్ ఎక్రెక్కినవారు సికింద్రాబాదులో దిగడానికి నాలుగైదు గంటలు. దొరికేదల్లా కొద్ది నిమిషాలు. ఆ రైలు కూడా ఏమి తాగి నడుస్తున్నది? కరెంటు. మా నేల కిందినుండి తీసిన బొగ్గు రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రంలో మండి కరెంటు అవుతున్నది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి టన్నుకు రెండు మూడు కిలోల బలం చాలు. విమానానికి టన్నుకు 110. ఒక్క గూడ్సు బండి సుమారు 4 వేల టన్నుల బొగ్గును ఈడ్చుకుపోవడం రోజూ చూస్తూ కూడా, దూరప్రయాణానికి రైలును మించినది కావాలని మనం అడుగుతున్నాము. మరో రెండు రైళ్లు, మరికొన్ని స్టేషన్లలో ఆగడం అడిగితే ఇంతకంటే ఎక్కువమందికి మేలు జరుగుతుంది. అయితే రైలు ఆగిందని ఎవరూ రిబ్బను కత్తిరించరు, అదొక లోటు.

ఈ లెక్కలన్నీ ఒక్కచోట ఓడిపోతాయి. గనిలో పైకప్పు కూలినప్పుడు, మీథేను మండి ఒళ్లు కాలినప్పుడు, రామకృష్ణాపూర్ ఆసుపత్రిలో చేయగలిగినంత చేసి హైదరాబాదుకు పంపవలసి వస్తే, ఆ అంబులెన్సు 240 కిలోమీటర్లు రోడ్డు మీదనే పోవాలి. ఆ మనిషి ప్రయాణానికి లీటర్లు లెక్కించేవారెవరూ ఉండరు, ఉండకూడదు కూడా. బెల్ 407 వంటి హెలికాప్టరు గంటకు 150 లీటర్లకు మించి తాగుతుంది. లీటరుకు కిలోమీటరున్నర కూడా పోదు. ఇంధనం లెక్కలో ఈ టపాలో వచ్చిన వాహనాలన్నిటిలోకీ అదే అట్టడుగున ఉన్నది. అయినా గని నుండి నగరంలోని ఆసుపత్రి పైకప్పు దాకా గంటన్నరలో చేర్చగలిగినది అదొక్కటే. దానికి రన్‌వే అక్కరలేదు. ప్రతి ఏరియా ఆసుపత్రి పక్కనా చదునైన నేల, రాత్రివేళ దీపాలు ఉంటే చాలు. విమానాశ్రయానికి వందల ఎకరాలు వెదుకుతున్నవారు దీనిని గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు. సింగరేణి ప్రాంతంలో ఆకాశమార్గం మీద ఎవరికైనా మొదటి హక్కు ఉంటే అది గాయపడిన గని కార్మికునిది.

చిన్న విమానాలను గురించి చెప్పవలసినది ఇంకొకటి మిగిలింది. అది మైలేజి కంటే బరువైనది. లైకమింగ్ వంటి ఇంజనులు తాగే ఏవ్‌గ్యాసు అనే పెట్రోలులో ఈనాటికీ సీసం కలుపుతున్నారు, లీటరుకు 0.56 గ్రాముల వరకు. మన రోడ్ల మీది పెట్రోలులో సీసం 2000 సంవత్సరంలో పూర్తిగా ఆగిపోయింది, పిల్లల మెదళ్లకు హానికరమని. విమానానికి మాత్రం మినహాయింపు. గంటకు 30 లీటర్లంటే దాదాపు 17 గ్రాముల సీసం ఊళ్ల మీద చల్లుకుంటూ పోవడం. ఇంతకాలం దిగుమతి చేసుకున్న ఈ ఏవ్‌గ్యాసును 2022లో ఇండియన్ ఆయిల్ వారు వడోదరలో తయారు చేయడం మొదలుపెట్టారు. స్వదేశీ అని పత్రికలు సంతోషించినవి. సీసం కూడా స్వదేశీయే అయినది.

దీనికి మందు లేక కాదు. ఆస్ట్రియా వారి రోటాక్స్ 912 అనే ఇంజను 1,200 సీసీది. 80 నుండి 100 అశ్వశక్తులు. నిమిషానికి 5 వేలకు పైగా చుట్లు తిరిగి, గేర్లతో ప్రొపెల్లరును నిదానింపజేస్తుంది. కారు పెట్రోలుతోనే నడుస్తుంది. ఇద్దరు కూర్చునే విమానంలో లీటరుకు 10 కిలోమీటర్లకు తగ్గదు, అంటే అంబాసిడరును అందుకున్నట్లే. మన బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారు తయారు చేసిన హన్సాలోనూ, 2021 సెప్టెంబరులో ఎగిరించిన కొత్త హన్సాలోనూ రోటాక్స్ ఇంజనులే. మెర్సిడెస్ కారు ఇంజను నుండి మలచిన డీజిలు ఇంజనులు కూడా ఉన్నవి. విమానాల కిరసనాయిలుతో నడుస్తాయి, సీసం లేదు, గంటకు 20 లీటర్లు చాలు. ఒకనాడు కారు ఇంజనును చులకనగా చూసిన విమానం ఇప్పుడు కారు నుండే అప్పు తెచ్చుకుంటున్నదన్నమాట. విమానం నడపడం నేర్చుకునే మన పిల్లల కోసం కొనే కొత్త విమానాలన్నీ ఈ జాతివే కావాలని మాత్రం గట్టిగా అడగవచ్చు.

కడప, నాందేడు విమానాలలో తిరిగిన మిత్రులు ఎవరైనా ఉంటే, మీరెక్కిన రోజున ఎన్ని సీట్లు నిండినవో వ్యాఖ్యలలో రాయండి. అంతర్గాం గురించి మా వాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు ఆ అంకె కావాలి.